కమలాక్షి వంతు అక్షరాలు

నాకు కోపం ఎక్కువని పెనుకొండలో అందరికీ తెలుసు. ఆడపిల్లల బడిలో పంతులమ్మగా ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చానంటే ఆ కోపం చలవే అని నా నమ్మకం. కానీ ధర్మవరం మగ్గాల వీధి బడి సంగతిలో మాత్రం ఎవరి మీద కోప్పడాలో నాకు ఎంతకీ తేలలేదు. యుద్ధం రాకముందు, పెద్దవాళ్ళకు చదువు చెప్పాలని ఊరూరా ఉత్సాహం రేగిన రోజుల మాట ఇది.

దాన్ని మొదలుపెట్టింది హిందూపురం ప్రమీలమ్మగారు. బెల్లం మండీ వాళ్ళ ఇంటి కోడలు, అక్కడి స్త్రీవిద్యా సంఘానికి అధ్యక్షురాలు. మంచి మనిషే, కాదనను. కాకపోతే ఏ పని తలపెట్టినా పనికన్నా ముందు దానికి నియమాలు పుట్టించేది. ఈ బడిని మూడు ఊళ్ళు కలిసి నడపాలని ఆమె పథకం. పలకలు, బోర్డు, ఖర్చులు హిందూపురం సంఘానివి. తర్ఫీదు ఇవ్వడం పెనుకొండలో నా వంతు. చోటు, మనుషులు ధర్మవరం వాళ్ళవి. మగ్గాల వీధిలో ఒక ఆడమనిషిని ఎంచి, ఒక నెల నా దగ్గర ఉంచితే, ఆమె తిరిగి వెళ్ళి తన వీధికి చదువు చెప్పాలి. అక్కడితో ఆగకూడదు. బడి కుదురుకున్నాక సంఘం ఆమెనే ఖాయం చేస్తుంది. అప్పుడు పొద్దున ఒక వీధి, మధ్యాహ్నం ఒక వీధి తిరిగి చెప్పాలి. ఆ మనిషికి ప్రమీలమ్మగారు పెట్టిన పేరు నాయకురాలు.

వినడానికి బాగానే ఉంది. తీరా చూస్తే ధర్మవరం వాళ్ళు అది హిందూపురం వాళ్ళ బడి అనుకున్నారు, హిందూపురం వాళ్ళు పెనుకొండ బడి అనుకున్నారు. అది ఎవరిదో ఎవరిని అడగాలో తెలియక నేను ఊరుకున్నాను.

నాయకురాలు ఒక్కతే వస్తుందని నేను స్టేషనుకు వెళితే రైల్లోంచి ఇద్దరు దిగారు. ఒకామెకు ముప్పై దాటి ఉంటాయి, నుదుట బొట్టు లేదు, మనిషి నిటారుగా ఉంది. రెండో అమ్మాయి ఆమె వెనక నక్కి, ఆమె కొంగు అంచు పట్టుకుని నిలబడింది. మీలో నాయకురాలు ఎవరని అడిగాను. ఆ మాట ఇద్దరికీ అర్థం కాలేదు. చదువుకోవడానికి వచ్చింది ఎవరని అడిగాను.

"ఇద్దరమూ ఒగటే ఐవారమ్మా. నేను కుడిపక్క, ఇది ఎడంపక్క" అంది పెద్దామె. పంతులమ్మను వాళ్ళ వైపు ఐవారమ్మ అంటారు.

అదేం జవాబో ఇంటికి చేరేదాకా నాకు బోధపడలేదు. ఆమె పేరు అక్కమ్మ. భర్త కొండప్ప పోయాక ఆయన మగ్గం గుంటలోకి తనే దిగి కూర్చుంది. రెండో అమ్మాయి కమలాక్షి, అక్కమ్మ మరిది ఆదెప్ప పెళ్ళాం. పెద్ద అంచుల పట్టుచీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. నేసేవాళ్ళు ఒక అంచు నాడె, అదే పోగును అటూ ఇటూ మోసే కొయ్య, ఆడిస్తే, పక్కన కూర్చున్నవాళ్ళు రెండో అంచు నాడె విసరాలి. ఒకరు లేచిపోతే రెండోవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. వీధి పెద్దలు అక్కమ్మను పంపమన్నప్పుడు అత్త సుబ్బలక్ష్మమ్మ, అది లేకపోతే ఇది ఇంట్లో ఉండి ఏం చేస్తుందిలే, తోడుగా పోనీ అని కమలాక్షిని కూడా రైలెక్కించిందట. వీధిలో ఎవరికీ అది వింతగా తోచలేదు. మగ్గం మీద జతగా ఉన్నవాళ్ళను విడిగా పంపడమే వాళ్ళకు వింత.

అట్లా కాకపోతే కమలాక్షి గడప దాటేదే కాదు. ఆదెప్ప చీరలు మూటగట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. తను తిరిగినన్నాళ్ళూ పెళ్ళాం ఇంట్లోనే ఉండాలనే రకం. కాపురానికి వచ్చాక ఆ పిల్ల చూసిన మొదటి పరాయి ఊరు మా పెనుకొండే. మొదటి రోజు మా ఇంటి వాకిట్లో నిలబడి కొండను, కోటగోడను, రోడ్డు మీద పోయే బస్సును అట్లా చూస్తూనే ఉంది. అన్నానికి రమ్మని నేను నాలుగుసార్లు కేకేయాల్సి వచ్చింది.

మూడు వారాలు నాకు కోపం తెప్పించే పని ఏదీ జరగలేదు. ఇద్దరూ ఒకే పలక ముందు, ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని కూర్చునేవారు. బోర్డు మీద ఏ మాట రాసినా కలిసి చదివేసేవారు. గొంతులు కలిసిపోయి ఎవరు ఏది అంటున్నారో తెలిసేది కాదు. నేనెంత గొప్పగా నేర్పుతున్నానో అని ప్రమీలమ్మగారికి జాబు కూడా రాశాను.

అంతలో కమలాక్షికి చలిజ్వరం తగులుకుంది. తెలిసినవాళ్ళు ధర్మవరం వెళుతుంటే వాళ్ళతో ఇంటికి పంపేశాను. మర్నాడు అక్కమ్మను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, బోర్డు మీద పలక అని రాసి చదవమన్నాను. చాలాసేపు చూసి "క" అంది.

హాస్యమాడుతోందేమో అనుకున్నాను. మిగతావి ఏవని గద్దించాను.

"అవి కమలాక్షివి" అంది.

నేను నోరు వెళ్ళబెట్టాను. నెమ్మదిగా అడిగితే తేలింది ఏమిటంటే, అ నుంచి న దాకా అక్కమ్మ వంతు. ప నుంచి చివరిదాకా కమలాక్షి వంతు. గుణింతాలు మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. మొదటి రోజే అట్లా పంచుకున్నారు. ఇద్దరికి కలిపి ఒక పని అప్పజెప్పాక, ఇద్దరూ మొత్తం పని చేయడం ఏమిటని అక్కమ్మ నన్నే అడిగింది. నీ పేరు రాయవే అంటే అక్క అని రాసి ఆగింది. మిగతా సగం ధర్మవరంలో జ్వరంతో పడుకుని ఉంది.

ఎవర్ని తిట్టాలి? పనిని చక్కగా పంచుకున్నందుకు వీళ్ళనా, మూడు వారాలు కళ్ళు మూసుకుని చదువు చెప్పిన నన్నా? ఏమీ తోచక ఇంట్లో గిన్నెల మీద కోపం తీర్చుకున్నాను. ఆ తరవాత పట్టుబట్టి, మిగిలిన రోజుల్లో పొద్దూ మాపూ అక్కమ్మకు ఆ రెండో సగం నేర్పాను. మూడు వారాలుగా పక్కన విన్నవే కాబట్టి చకచకా పట్టేసింది. తర్ఫీదు అయిపోయాక నేనే ఆమెను ధర్మవరంలో దింపడానికి వెళ్ళాను. రైలు దిగగానే స్టేషను బోర్డు ముందు ఆగింది. ఊరి పేరును ఒక్కొక్క అక్షరం వేలితో గాలిలో దిద్దుతూ మొత్తం చదివింది. తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎన్నేళ్ళుగానో చూస్తున్న బోర్డట, అందులో ఉన్నది తమ ఊరి పేరని తెలియదట. అంత సంతోషంగా నవ్వే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

వీధిలో ఒక ఖాళీ మగ్గాల సాలలో బడి మొదలైంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడవాళ్ళు వచ్చేవారు. మొదట్లో ఏడెనిమిది మంది, తరవాత సాల పట్టనంత మంది. వీలైన ఆదివారమల్లా నేను వెళ్ళి చూసేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. బోర్డు దగ్గర ఇద్దరూ నిలబడతారు. అక్కమ్మ తన అక్షరాల దాకా చెప్పి పక్కకు తప్పుకుంటుంది, కమలాక్షి ముందుకొచ్చి తన అక్షరాలు అందుకుంటుంది. ఒక్క మాట రాయడానికి ఇద్దరూ మూడుసార్లు చోట్లు మారతారు. ఆడవాళ్ళకేమో అది సహజంగానే ఉంది, నేర్చుకునే తీరు ఇదే కాబోలు అనుకుంటున్నారు. విచిత్రమేమిటంటే వాళ్ళకు చదువు వస్తోంది కూడా.

అక్కమ్మను పక్కకు పిలిచి, నీకు అన్నీ వచ్చు కదా, ఈ వేషమేమిటని నిలదీశాను.

"దాని వంతు అది చెప్తాది గదా" అంది, నా మొహం చూడకుండా.

మొండితనమా, భయమా, ఇంకేమైనా ఉందా? నాకేమీ అంతుచిక్కలేదు. కమలాక్షి మాత్రం మారిపోయింది. రైల్లోంచి కొంగు పట్టుకుని దిగిన పిల్ల ఇప్పుడు బోర్డు ముందు నిలబడి, తనకన్నా పెద్దవాళ్ళను కూడా వెనక కూర్చుని ముచ్చట్లాడొద్దని గదమాయిస్తోంది. ఆ గదమాయింపు అచ్చం నాదే. నాకు లోపల ముచ్చటేసింది.

రెండు నెలలు గడిచాక ప్రమీలమ్మగారు కబురు పెట్టింది. సంఘం వాళ్ళతో వచ్చి బడి చూస్తుంది, నాయకురాలిని అందరి ముందు చదివించి, ఖాయం చేస్తుంది. చదవలేకపోతే ఈ వీధి బడి ఎత్తేసి పరిగి అనే ఊళ్ళో పెడతారు. దశమి నాడు వస్తానంది. మంచి రోజే కానీ మగ్గాలు ఆడే రోజు, వీధిలో ఒక్కరు కూడా లేచి రారు. మగ్గం ఆగేది అమావాస్యకే, ఆ రోజు రమ్మని నేను చెప్పాను. అమావాస్య పూట శుభమా అని ఆమె ముక్కు మీద వేలేసుకుంది. సంఘంలో సగం మంది రామని కూర్చున్నారు. దీని మీద ఆ ఊరికీ ఈ ఊరికీ మనుషులు తిరిగి తిరిగి, చివరికి అమావాస్యే ఖాయమైంది. ఎందుకు ఒప్పుకున్నారో నాకు తెలియదు, వాళ్ళకూ తెలిసినట్టు లేదు.

నాయకురాళ్ళు ఇద్దరని రాసుకోమని నేను హిందూపురం పోయి బతిమాలాను. నియమం ప్రకారం వీధికి ఒక్కరే, రెండో పేరు రాస్తే సంఘంలో లెక్క తప్పుతుందని ప్రమీలమ్మగారు తెలుగులో సగం, కన్నడంలో సగం చెప్పి పంపేసింది.

ఆ మాట చెబుదామని అక్కమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. సుబ్బలక్ష్మమ్మ వాకిట్లో కూర్చుని విని, తేలిగ్గా తీసిపారేసింది.

"ఒగరు చాలంటే ఇంగ కమలాక్షి ఎందుకమ్మా? అక్కమ్మ పోతాది, దాన్ని అడిగేవాళ్ళు ఎవరుండారు. ఇది ఇంట్లో పడుంటాది. మా ఆదెప్ప కూడా అదే అంటాండాడు."

లోపల మగ్గం మీద ఇద్దరూ ఉన్నారు. నాడెల చప్పుడు ఆగింది. అక్కమ్మ తల వంచుకునే ఉంది. నేను లేచి వస్తుంటే కమలాక్షి వీధి మొగదాకా నా వెంట వచ్చింది.

"ఐవారమ్మా, అంటే నేను ఇంగ బయటికి రానా?" అంది.

వస్తావని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. రావని చెప్పడానికీ రాలేదు. పిల్లలందర్నీ హడలగొట్టే మనిషిని, ఆ పూట చూపు దించుకుని వచ్చేశాను. రైల్లో కూర్చుని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అక్కమ్మ మొత్తం చదివేస్తుంది, బడి నిలుస్తుంది. అందరికీ అన్నీ జరగవు. ఒక పిల్ల ఇంట్లోకి వెళ్ళిపోతే వీధి మొత్తానికి చదువు వస్తుంది. ఎన్నిసార్లు అనుకున్నా అది న్యాయంగా తోచలేదు.

అమావాస్య నాడు సాల నిండిపోయింది. మగవాళ్ళు కూడా వచ్చి బయట నిలబడ్డారు. ఆదెప్ప వాళ్ళలోనే ఉన్నాడు. ప్రమీలమ్మగారు కుర్చీలో కూర్చుంది. ఆమె వెంట వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళు అమావాస్య భయంతో కాబోలు చాప అంచున ఒదిగి కూర్చున్నారు. సుబ్బలక్ష్మమ్మ ముందు వరసలో ఉంది. కమలాక్షి వెనక గోడకు ఆనుకుని, తన పని అయిపోయినట్టే కూర్చుంది.

ప్రమీలమ్మగారు నన్నే రాయమంది. కాచి చల్లార్చిన నీళ్ళే తాగవలెను అని బోర్డు మీద రాశాను. అక్కమ్మ లేచి నిలబడింది.

"కాచి" అంది స్పష్టంగా. "చ" అంది. ఆగింది.

నేను ఆమె కళ్ళలోకి చూశాను. నీకు వచ్చునే, నేనే నేర్పాను, నోరు తెరువు అని చూపుతోనే అరిచాను. ఆమె నా వైపు చూడనే లేదు. తల తిప్పి వెనక గోడ వైపు చూసింది. మగ్గం మీద పక్కమనిషి నాడె విసరడానికి ఆగినట్టు ఆగింది.

"ల్లార్చి" అని కమలాక్షి గొంతు వినిపించింది. అలవాటుగా వచ్చేసింది. అంటూనే లేచి నిలబడింది.

ఇప్పుడు అక్కమ్మ అందుకోవాలి. అందుకోలేదు. పెదవులు బిగించి నిలబడింది. కమలాక్షి అక్కవైపు బెదురుగా చూసింది. ఇంకాసేపు ఆగింది. తరవాత తనే బోర్డు వైపు ఒక అడుగు వేసి, న అంది. "నీళ్ళే" అంది, న, నీ తన వంతు కావని అన్న తరవాతగానీ తోచనట్టు చెయ్యి నోటి మీద పెట్టుకుంది. చెయ్యి తీసి, "తాగవలెను" అని చివరిదాకా చదివేసింది. ఆ ఆశ్చర్యం అందరికన్నా ఆ పిల్లకే ఎక్కువ.

ప్రమీలమ్మగారు అయోమయంగా నా వైపు చూసి, వీళ్ళలో అక్కమ్మ ఎవరని అడిగింది. చెప్పాను. మరి చదివింది ఎవరంది. అదీ చెప్పాను. ఇంకో మాట రాయించింది, ఇంకోటి రాయించింది. అన్నీ కమలాక్షి ఒక్కతే చదివింది. అక్కమ్మ ఎప్పుడో వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది.

నాయకురాలు కమలాక్షి అని ప్రమీలమ్మగారు లేచి వీధి మొత్తానికి వినిపించేట్టు ప్రకటించింది. హిందూపురం నుంచి తెచ్చిన దండ తనే వేసింది. సుబ్బలక్ష్మమ్మ ఏదో అనబోయింది. వీధి వీధంతా ఆమెవైపే చూస్తోంది. మండీ వాళ్ళ కోడలు స్వయంగా దండ వేశాక, ఆ మనిషిని ఇంట్లో కూర్చోబెడతానని ఎట్లా అంటుంది? మా కోడలే అని పక్కనున్న ఆమెకు చెప్పి కళ్ళు ఒత్తుకుంది. బయట ఆదెప్ప భుజం తట్టేవాళ్ళు తడుతున్నారు. అతను నవ్వాలో వద్దో తెలియక తల గోక్కున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంత కష్టపడి నేర్పితే అందరి ముందు నోరు కట్టేసుకుని నన్ను బుద్ధిలేనిదాన్ని చేసింది అక్కమ్మ. భయపడిందా? మర్చిపోయిందా? ఆ పిల్లకు మొదటి సగం ఎవరు నేర్పారు? ఆమెతో మాట్లాడకుండానే రైలెక్కాను.

నెల తరవాత మళ్ళీ వెళ్ళేసరికి కమలాక్షి పొద్దుటి వీధి ముగించుకుని, మధ్యాహ్నం వీధికి నడిచి పోతోంది. చంకలో పలకలు, వెనక ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు. నన్ను చూసి దూరం నుంచే దండం పెట్టింది, ఆగలేదు. ఆలస్యమైతే వాళ్ళు ఊరుకోరట.

అక్కమ్మ ఇంట్లో మగ్గం ఖాళీగా ఉంది. పడుగు దారాలు విప్పేసి, మగ్గం చెక్కలూ కర్రలూ గోడకు చేర్చి ఉన్నాయి. రెండో అంచుకు మనిషి లేకుండా పట్టుచీర నేయలేదు, వయసు మళ్ళిన అత్త చేతికి నాడె అందదు. అక్కమ్మ వసారాలో కూర్చుని ఎవరింటిదో దారం కండెలకు చుడుతోంది. దాచుకున్న కోపమంతా ఒక్కసారిగా కక్కేశాను. వచ్చిన చదువు రానట్టు ఎందుకు నటించావు, అంత మందిలో నా పరువు ఎందుకు తీశావు అని అడిగేశాను. ఆమె చేతిలోని కండె చుట్టడం ముగించి పక్కన పెట్టింది.

"నన్ను ఆపేవాళ్ళు ఎవరుండారు ఐవారమ్మా? రేపు పోయినా, ఎల్లుండి పోయినా ఎవరూ అడగరు. దాన్ని ఆపేవాళ్ళు ఇంటినిండా ఉండారు. అందరి ముందర దాని పేరు పిలిపించాలని చూసినాను, అంతే."

మరి ఆ సగం దానికి ఎట్లా వచ్చిందన్నాను. మగ్గం మీద కూర్చున్నప్పుడల్లా, నా వంతు అక్షరాల్లో తప్పులు పడుతున్నాయి, నువ్వు ఒకసారి చెప్పి సరిచూడు అని ఆ పిల్ల చేతే చెప్పించిందట. నేర్చుకుంటున్నానని ఆ పిల్లకే తెలియదట. ప్రమీలమ్మగారి కబురు అందిన రోజు నుంచి అదే పనట.

ఆ పక్కనే కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. స్టేషను బోర్డు చదివి నవ్విన మనిషి అది. ఆ చదువు ఆమెకు ఎంత ఇష్టమో నేను కళ్ళారా చూశాను. కాసేపటికి లేచి, ఇది కమలాక్షికి తెలియాలి, ఇప్పుడే వెళ్ళి చెబుతానన్నాను.

అక్కమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ అట్లా పట్టుకున్న మనిషి కాదు.

"వద్దమ్మా. చెప్తే అది బడి ఇడిసిపెట్టి మళ్ళీ నా పక్కన వచ్చి కూర్చుంటాది."